మొదటి అడుగు చూసేవాళ్ళు

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్ళలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. లెక్కల మాస్టారికి అమెరికన్ ఫుట్‌బాల్‌తో ఏం పని అని అడగొచ్చు. టెక్సస్‌లో 1984 నుంచి ఒక చట్టం ఉంది. సబ్జెక్టులో 70 మార్కులు తెచ్చుకోని పిల్లవాణ్ణి ఆటకు దించకూడదు. శుక్రవారం రాత్రి లైట్ల కింద ఆడాల్సిన కుర్రాళ్ళు ముందు నాలాంటివాళ్ళ గది దాటి రావాలి. అలా కోచ్‌లతో స్నేహం కుదిరింది, వాళ్ళ గదిలో కూర్చుని ఫిల్మ్ చూడటం అలవాటైంది. ఏప్రిల్ సగం గడిచేసరికి కాలేజీ కోచ్‌లు మా బడికి రావడం మొదలుపెట్టేవారు. వాళ్ళు ఎవరి గురించి ఏం అడుగుతారో, ఏ బొమ్మ దగ్గర ఆగిపోతారో చాలా ఏళ్ళు దగ్గరగా చూశాను.

ఇప్పుడు ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడి ఆటే వాళ్ళ ఆట. "మాస్టారూ, మావాడు లైన్‌బ్యాకర్ ఆడుతున్నాడు. కాలేజీవాళ్ళు ఎలా ఎంచుకుంటారు?" అని అడిగే తల్లిదండ్రులు ఈ మధ్య తరచూ వస్తున్నారు. వాళ్ళకు చెబుతున్నవే ఇక్కడ రాస్తున్నాను.

1. ఆ స్థానం ఎలా మారిందో ముందు తెలుసుకోండి

డిఫెన్స్‌లో పదకొండు మంది. ముందు వరుసలో బరువైనవాళ్ళు ముగ్గురో నలుగురో, వెనక పాస్‌లను కాసే తేలికైనవాళ్ళు. ఈ రెండు వరుసల మధ్య నిలబడేవాడు లైన్‌బ్యాకర్. నడుమ ఉండేవాణ్ణి మైక్ అంటారు, పక్కల ఉండేవాళ్ళు విల్, శామ్. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి ఆపాలి, పాస్ వస్తే వెనక్కి పరిగెత్తి కాయాలి, పిలుపొస్తే పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాలి. ఈ మూడు పనులూ ఒకడే చెయ్యాలి.

ఒకప్పుడు ఈ స్థానంలో ముగ్గురు నలుగురు ఆడేవారు. అఫెన్స్‌లు మైదానం వెడల్పంతా పరుచుకుని పాస్‌లు వెయ్యడం మొదలెట్టాక ఆ సంఖ్య తగ్గింది. మా పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ)లో కోచ్ గ్యారీ ప్యాటర్సన్ నలుగురు, ఇద్దరు, అయిదుగురు అనే అమరికతో పేరు తెచ్చుకున్నాడు. అందులో లైన్‌బ్యాకర్లు ఇద్దరే. ఇప్పుడు చాలా కాలేజీలు ఎక్కువసేపు ఇద్దరితోనే ఆడుతున్నాయి. మీవాడికి ఉత్తరం రాసిన కాలేజీ ఏ అమరికలో ఆడుతుందో తెలియకుండా వాడికి అక్కడ చోటు ఉందో లేదో చెప్పలేం. ఢీకొట్టడంలో దిట్ట అయి పరుగులో వెనకబడ్డవాడికి ఇప్పుడు తలుపులు తక్కువ.

2. కొలతలు గేటు దాటిస్తాయి, అంతవరకే

జూన్‌లో కాలేజీలు క్యాంపులు పెడతాయి. అక్కడ బూట్లు విప్పించి ఎత్తు కొలుస్తారు, ఎందుకంటే హైస్కూలు జాబితాలో రాసిన ఎత్తును ఏ కోచ్ కూడా నమ్మడు. బరువు, చేతుల పొడవు, రెండు చేతులూ చాస్తే వచ్చే వెడల్పు రాసుకుంటారు. నలభై గజాల పరుగు తీయిస్తారు. తరవాత అయిదు గజాలు ఒక పక్కకు, పది గజాలు రెండో పక్కకు, మళ్ళీ అయిదు గజాలు వెనక్కి తిరిగే పరుగు. లైన్‌బ్యాకర్‌కు నలభై గజాలకంటే ఈ రెండోదే ముఖ్యమని నా ఉద్దేశం. వాడు తిన్నగా నలభై గజాలు పరిగెత్తాల్సిన సందర్భం ఆటలో ఎన్నిసార్లు వస్తుంది? ఆగి, తిరిగి, మళ్ళీ అందుకోవాల్సిన సందర్భం ప్రతి ఆటకూ వస్తుంది.

చేతుల పొడవు ఎందుకంటే, ఎదుటి లైనులోని మూడు వందల పౌండ్ల గార్డ్ మీదికొచ్చి గుండెల మీద చేతులు వెయ్యకముందే మనవాడి చేతులు అతన్ని దూరంగా ఆపాలి. బరువు తక్కువైతే వాళ్ళు పెద్దగా పట్టించుకోరు. తిండీ వ్యాయామశాలా వాళ్ళ దగ్గర ఉన్నాయి. భుజాలు, తుంటి, మడమలు చూసి ఈ ఎముకల గూడు ఇంకెంత కండ మోస్తుందో అంచనా కడతారు. పదిహేడేళ్ళవాణ్ణి చూస్తూ ఇరవై ఒకటో ఏట ఎలా ఉంటాడో ఊహిస్తున్నారన్నమాట. పక్కన నిలబడ్డ తండ్రినీ తల్లినీ మేనమామనూ కూడా ఒక చూపు చూసే కోచ్‌లను నేను ఎరుగుదును.

ఎత్తు తక్కువైందని ఆశ వదులుకోనక్కర్లేదు. టెక్సస్ ఉత్తరపు కొసన పాంపాలో హైస్కూలు చదివి టెక్సస్ టెక్‌లో ఆడిన జాక్ థామస్ ఆరడుగులు లేడు. 1996లో వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో అయిదో రౌండులో గాని అతన్ని తీసుకోలేదు, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మిసిసిపీ కుర్రాడు నకోబీ డీన్‌ది కూడా పొట్టి లెక్కే. జార్జియాలో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ 2021లో దేశంలో ఉత్తమ లైన్‌బ్యాకర్‌కిచ్చే బట్కస్ అవార్డు గెలిచాడు, అదే సీజన్‌లో జట్టు జాతీయ విజేత అయింది.

మన తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకొకటుంది. మన ఒడ్డూ పొడుగూ దీనికి సరిపోతాయా అని. బ్రాండన్ చిల్లార్ తండ్రి భారతీయుడు. ఆ కుర్రాడు యూసీఎల్ఏలో లైన్‌బ్యాకర్‌గా ఆడి, 2004లో నాలుగో రౌండులో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళాడు. 2011 ఫిబ్రవరిలో మా ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్ గెలిచిన గ్రీన్‌బే జట్టులో సభ్యుడు, గాయం వల్ల ఆ రోజు ఆడలేదు. దారి ఉందని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

3. ట్యాకిల్‌కంటే ముందే నిర్ణయం అయిపోతుంది

అన్నిటికంటే నేను ఎక్కువసేపు చెప్పేది దీని గురించే.

ఒక కాలేజీలో లైన్‌బ్యాకర్లను తయారుచేసే కోచ్ ఒకాయన మా బడికి వచ్చేవాడు. మావాడి ఫిల్మ్ పెట్టమని, రిమోట్ తన చేతిలోకి తీసుకునేవాడు. స్నాప్ అయ్యేది, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందేది, అర సెకను గడవకముందే బొమ్మ ఆపేసేవాడు. బంతి ఇంకా క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోనే ఉండేది, ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదు. "కాళ్ళు చూడండి" అనేవాడు. వెనక్కి తిప్పి మళ్ళీ అక్కడే ఆపేవాడు. తరవాతి ఆట, మళ్ళీ అక్కడే. ట్యాకిల్ దాకా బొమ్మను పోనిచ్చిన సందర్భాలు బహు తక్కువ.

ఆయన ఏం చూస్తున్నాడో ఒక ఆటతో చెబుతాను. కౌంటర్ అని ఒక ఎత్తు ఉంది. స్నాప్ కాగానే, బంతి పట్టుకుని పరిగెత్తాల్సిన రన్నింగ్‌బ్యాక్ ఎడమకు ఒక అడుగు వేస్తాడు. అది మోసం. అదే క్షణంలో ఎడమవైపు గార్డ్ తన చోటు వదిలి లైను వెనకనుంచి కుడికి పరిగెడతాడు, బంతి అతని వెంట కుడికే వస్తుంది. బంతి ఉన్నవాణ్ణి చూసే లైన్‌బ్యాకర్ ఎడమకు అడుగు వేస్తాడు. వాడెంత వేగం గలవాడైనా ఆ ఒక్క అడుగుతో ఆట పోయినట్టే. గార్డ్‌ను చూసేవాడు గార్డ్‌తోపాటే కదులుతాడు, బంతి వచ్చే సందులో ముందే నిలబడి ఉంటాడు. మన ఊళ్ళలో కబడ్డీ ఆడినవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. కూతకొచ్చినవాడి చేతులు చూసేవాడు మోసపోతాడు, నడుము మీద చూపు నిలిపినవాడు పట్టేస్తాడు.

అందుకే వాళ్ళు తప్పుడడుగులు లెక్కపెడతారు. పది ఆటల్లో ఎన్నిసార్లు మొదటి అడుగు సరైన దిక్కుకు పడింది, ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వేగం తక్కువ ఉన్నా ముందే కదిలేవాడు, వేగం ఉండి ఆలస్యంగా కదిలేవాడికంటే త్వరగా చేరతాడు.

ఈ మధ్య దీన్ని ఇంకా కష్టం చేసిన ఎత్తు ఆర్‌పీఓ. పరుగా పాసా అన్నది స్నాప్ తరవాత క్వార్టర్‌బ్యాక్ నిర్ణయిస్తాడు, అదీ మనవాణ్ణే చూసి. మనవాడు ముందుకొస్తే వాడు ఖాళీ చేసిన చోటికి పాస్ వేస్తాడు, ఆగిపోతే రన్నింగ్‌బ్యాక్‌కు ఇస్తాడు. కాలేజీ నియమాల్లో పాస్ వేసేటప్పుడు కూడా లైనులోని బరువైనవాళ్ళు మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు గనక, వాళ్ళను చూసి ఇది పరుగే అనుకోవడం సహజం. ఇలాంటప్పుడు కంగారుపడకుండా చూపు ఒక్క క్షణం ఎక్కువ నిలపగలవాడి కోసం కోచ్‌లు వెతుకుతారు.

ఇంకోటి చాలామంది గమనించరు. స్నాప్‌కు ముందు వాడి చేతులు చూడండి. పక్కవాణ్ణి జరగమంటున్నాడా, ముందున్నవాడి వీపు తట్టి సర్దుతున్నాడా, వెనకవాళ్ళకు వేలు చూపి ఏదో చెబుతున్నాడా? డిఫెన్స్‌కు పిలుపులు అందించే బాధ్యత సాధారణంగా మైక్‌దే. ఫిల్ములో మాట వినపడదు, అయినా చేతులు చెప్పేస్తాయి.

4. వీడియో పంపేటప్పుడు

ఇప్పుడు దాదాపు బడులన్నీ హడల్ అనే వెబ్‌సైట్‌లో ఫిల్మ్ పెడతాయి. లింకు పంపితే కోచ్ ఫోన్‌లోనే చూస్తాడు. మొదటి నాలుగైదు ఆటల్లోనే కోచ్ దృష్టిని పట్టుకోవాలి, పాటలు, మెరుపులు అక్కర్లేదు. స్నాప్‌కు ముందు మనవాడెవరో ఒక గుండ్రం గీసి చూపిస్తే చాలు. ముఖ్యమైనది, పూర్తి మ్యాచ్ ఫిల్మ్ కూడా జతచెయ్యండి. బుద్ధిమంతుడైన కోచ్ మీ జట్టు ఘోరంగా ఓడిన మ్యాచ్ అడుగుతాడు. నాలుగో క్వార్టర్‌లో, బంతి తనకు దూరంగా అవతలి గీత వైపు పోతున్నప్పుడు మీవాడు పరిగెడుతున్నాడా, నడుస్తున్నాడా అన్నది చూడటానికి.

5. హైస్కూల్లో ఆడిన స్థానమే కాలేజీలోనూ ఉండాలని లేదు

చిన్న బడుల్లో మంచి ఆటగాడు ఎవడైతే బంతి వాడి చేతికే ఇస్తారు. అందుకే కాలేజీవాళ్ళు లైన్‌బ్యాకర్ల కోసం లైన్‌బ్యాకర్ల దగ్గర మాత్రమే వెతకరు. డెవిన్ వైట్ లూసియానాలో హైస్కూలు రన్నింగ్‌బ్యాక్. ఎల్‌ఎస్‌యూ అతన్ని లైన్‌బ్యాకర్‌గా మార్చింది, 2018లో బట్కస్ గెలిచాడు, మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయిదోవాడిగా ఎంపికయ్యాడు. పెన్సిల్వేనియా కుర్రాడు మైకా పార్సన్స్ హైస్కూల్లో ముందు వరుస కొసన ఆడేవాడు, పెన్ స్టేట్‌లో లైన్‌బ్యాకర్ అయ్యాడు.

మా రాష్ట్రపు కథ ఇంకా ముచ్చటైనది. విచిటా ఫాల్స్‌లో జేకబ్ రోడ్రిగెజ్ క్వార్టర్‌బ్యాక్. ఆ స్థానంలోనే వర్జీనియాకు వెళ్ళాడు. తరవాత స్కాలర్‌షిప్ లేకుండా టెక్సస్ టెక్‌లో చేరి లైన్‌బ్యాకర్ అయ్యాడు. 2025లో టెక్సస్ టెక్ బిగ్ 12 గెలిచిన ఏడాది బట్కస్ అవార్డు అతనిదే. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఏం ఆలోచిస్తాడో తెలిసినవాడు ఆ స్థానంలో ఎంత పనికొస్తాడో అతని ఆట చూస్తే తెలుస్తుంది.

అందుకే మీవాణ్ణి ఏడాదంతా ఫుట్‌బాల్‌కే కట్టెయ్యకండి. ట్రాక్ పోటీల్లో గడియారం పట్టిన సమయాలకు కోచ్‌లు విలువిస్తారు. కుస్తీ పట్టినవాడికి తుంటి బలం, ఎదుటివాడి బరువును వాడుకోవడం తెలుస్తాయి. ట్యాంక్ కార్డర్ అనే టెక్సస్ కుర్రాడు చిన్నప్పుడు బీఎంఎక్స్ సైకిల్ పందేల్లో ప్రపంచ విజేత. పదమూడో ఏట ఘోరమైన కారు ప్రమాదం నుంచి బయటపడి ఫుట్‌బాల్‌కు మళ్ళాడు. 2011 జనవరి 1న రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్ సమం చెయ్యబోయిన పాస్‌ను చేత్తో కొట్టి పడేసింది అతనే. టీసీయూ 21-19తో గెలిచింది. ఆ రాత్రి మా వీధిలో టీసీయూవాళ్ళు కానివాళ్ళు కూడా బయటికొచ్చి కేకలు వేశారు.

6. నక్షత్రాలను నమ్మాలా?

వెబ్‌సైట్లు పిల్లలకు రెండు నుంచి అయిదు నక్షత్రాలిస్తాయి. అవి ఊరికే ఇచ్చినవని నేను అనను. అయిదు నక్షత్రాలవాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరే అవకాశం మూడు నక్షత్రాలవాడికంటే బాగా ఎక్కువ. అయితే దేశమంతటా అయిదు నక్షత్రాలు వచ్చేది ఏటా ముప్పై మందికి అటూ ఇటూగా, అదీ అన్ని స్థానాలకూ కలిపి. మిగతా వేలమందిని కోచ్‌లు తమ కళ్ళతోనే తేల్చుకోవాలి.

బాబీ వాగ్నర్‌కు స్కాలర్‌షిప్ ఇస్తామన్నది ఒక్క యూటా స్టేట్ మాత్రమే. లూక్ కీక్లీ సిన్సినాటీలో మూడు నక్షత్రాల కుర్రాడు. బోస్టన్ కాలేజీకి వెళ్ళి 2011 బట్కస్ గెలిచాడు, 2012లో తొమ్మిదోవాడిగా ఎంపికయ్యాడు. లేటన్ వాండర్ ఎష్‌ది ఐడహోలో రిగిన్స్ అనే చిన్న ఊరు. పదకొండు మంది దొరకరు గనక అక్కడ ఎనిమిది మందితోనే ఆడతారు. స్కాలర్‌షిప్ లేకుండా బోయిసీ స్టేట్‌లో చేరాడు. 2018లో మా డల్లాస్ కౌబాయ్స్ మొదటి రౌండులో తీసుకున్నారు. వీళ్ళను ఎక్కువమంది ఎందుకు వదిలేశారు? వాళ్ళ ఆట కనపడక కొందరు, పక్క కాలేజీ పిలవలేదు గనక మనమెందుకు పిలవాలని కొందరు. ఒక పెద్ద కాలేజీ ఆఫర్ ఇస్తే వారంలో మరో నాలుగు వస్తాయి. కుర్రాడు ఆ వారంలో కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. ఈ మంద మనస్తత్వం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. తన కళ్ళను నమ్మి మొదటి ఆఫర్ ఇచ్చిన కోచ్‌ను గుర్తుపెట్టుకోమని పిల్లలకు చెబుతాను.

7. ఖాళీల లెక్క వెయ్యండి

ఇక్కడ నా లెక్కల బుర్ర పనిచేస్తుంది. పెద్ద కాలేజీల్లో చాలాకాలం 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. 2025లో కోర్టు ఒప్పందం తరవాత ఆ పరిమితి పోయి, జట్టులో మొత్తం 105 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచొచ్చు. మొదటి ఏడాది అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీకి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల హద్దు పెట్టారు. పేరు లేకుండా వచ్చి చేరి, కష్టపడి పైకొచ్చే కుర్రాళ్ళకు దీంతో చోటు బాగా తగ్గింది.

105 మందిలో లైన్‌బ్యాకర్ల గదికి పదిమంది అటూ ఇటూ. వాళ్ళలో ఈ ఏడాది వెళ్ళిపోయేది ముగ్గురనుకోండి. ఆ మూడు చోట్లూ హైస్కూలు పిల్లలకే అనుకోవద్దు. కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చింది, 2021 నుంచి ఏడాది ఖాళీగా కూర్చోకుండా కాలేజీ మారొచ్చు, 2024 నుంచి ఎన్నిసార్లయినా మారొచ్చు. చిన్న కాలేజీలో రెండేళ్ళు ఆడి నిరూపించుకున్న ఇరవై ఒక్కేళ్ళవాడు దొరుకుతుంటే, పదిహేడేళ్ళవాడి మీద పందెం ఎందుకని కోచ్ ఆలోచిస్తాడు. లైన్‌బ్యాకర్ స్థానంలో ఈ ఆలోచన మరీ ఎక్కువ, ఎందుకంటే చూసి పోల్చుకునే నేర్పు అనుభవంతో వస్తుంది.

కాబట్టి కాలేజీ వెబ్‌సైట్ తెరవండి. లైన్‌బ్యాకర్లు ఎవరు, ఏ సంవత్సరంలో ఉన్నారు, నిరుడు పోర్టల్ నుంచి ఎంతమందిని తెచ్చుకున్నారో కాగితం మీద రాయండి. మీవాడి వరసలో ఇప్పటికే నలుగురుంటే, ఆ కాలేజీ వద్దన్నందుకు కుర్రాణ్ణి ఇంట్లో ఎవరూ తక్కువ చెయ్యకూడదు. ఆఫర్ వచ్చిందని సంబరపడే ముందు ఒక ప్రశ్న అడగండి: "ఇవాళ మేము ఒప్పుకుంటే మీరు చేర్చుకుంటారా?" నీళ్ళు నమిలితే అది ఇంకా ఆఫర్ కాలేదు.

8. కోచ్ ఉద్యోగం శాశ్వతం కాదు

2015 ఫిబ్రవరిలో జార్జియాలోని మాంటెజూమా కుర్రాడు రోక్వాన్ స్మిత్ టీవీ కెమెరాల ముందు యూసీఎల్ఏ అని ప్రకటించాడు. తనను పిలిచిన కోచ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళిపోతున్నాడని అంతలోనే తెలిసింది. సంతకం చేసిన కాగితం ఇంకా పంపలేదు. ఇక పంపలేదు కూడా. కొన్ని రోజులు ఆలోచించుకుని సొంత రాష్ట్రంలోనే జార్జియాలో చేరాడు, అదీ కట్టిపడేసే ఒప్పంద పత్రం మీద సంతకం లేకుండానే. 2017లో బట్కస్ గెలిచాడు, 2018లో ఎనిమిదోవాడిగా ఎంపికయ్యాడు. ఆ పత్రాన్ని 2024లో రద్దు చేశారు, దాని స్థానంలో ఇప్పుడు ఆర్థిక సహాయ ఒప్పందం ఉంది. సంతకాలు ఎక్కువగా డిసెంబరులోనే అయిపోతున్నాయి, కోచ్‌లు ఉద్యోగాలు మారేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. మీవాణ్ణి పిలిచిన కోచ్ లేకపోయినా ఆ కాలేజీలో చదవడం ఇష్టమేనా అని వాణ్ణి ముందే అడగండి.

9. మా గదికి కూడా వస్తారు

కాలేజీ ఆటల మొదటి డివిజన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు, వాటిలో కనీసం 2.3 సగటు ఉండాలి. పదింటిని ఆఖరి ఏడాది మొదలయ్యేలోపే పూర్తిచెయ్యాలి. మన ఇళ్ళలో దీనికి ఇబ్బంది ఉండదు. అయితే కోచ్‌లు నన్ను మార్కులు మాత్రమే అడిగేవారు కాదు. "ఓడిన మర్నాడు క్లాసుకు వస్తాడా? తెలియనిది తెలియదని చెయ్యెత్తుతాడా? చెప్పింది ఒకసారి వింటే పడుతుందా?" అని అడిగేవారు. క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడతో ఎలా మాట్లాడతాడని ఆవిడనే అడిగిన కోచ్‌ను చూశాను. పిలుపులు గుర్తుంచుకుని పదిమందిని సర్దాల్సిన స్థానం కాబట్టి ఈ ప్రశ్నలు లైన్‌బ్యాకర్ల గురించి మరీ ఎక్కువ.

10. వైద్యుణ్ణి కలవండి

వాండర్ ఎష్ పేరు చెప్పాను కదా. మెడ గాయాలతో 2024లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆట వదిలేశాడు. ప్రతి ఆటకూ ఢీకొనే స్థానం ఇది. తల దించి కొట్టే అలవాటున్న కుర్రాణ్ణి మంచి కోచ్‌లు పక్కన పెట్టేస్తారు, నియమాల ప్రకారం వాడు ఆట నుంచి బయటికి పోతాడు, అంతకంటే వాడి మెడ ముఖ్యం. కొడుకు తల ఎత్తి, ఎదుటివాడిని చూస్తూ పట్టుకుంటున్నాడో లేదో మీరే ఫిల్ములో చూడండి. లేకపోతే కాలేజీ సంగతి తరవాత, ముందు అది మాన్పించండి.

హైస్కూలు మూడో ఏడాది ఏప్రిల్ నుంచి కాలేజీ ఖర్చుతో అక్కడికి వెళ్ళి చూడొచ్చు. స్టేడియం చూపిస్తారు, జెర్సీ తొడిగి ఫొటోలు తీస్తారు. కాసేపు అవి పక్కన పెట్టి, జట్టు వైద్యుణ్ణీ అథ్లెటిక్ ట్రెయినర్‌నూ కలవాలని అడగండి. సాధనలో వారానికి ఎన్నిసార్లు నిజంగా ఢీకొట్టుకుంటారు, తలకు దెబ్బ తగిలినవాడు మళ్ళీ ఎప్పుడు దిగాలో ఎవరు నిర్ణయిస్తారు, స్కాలర్‌షిప్ పిల్లవాడు గాయంతో ఆట మానేస్తే చదువు ఖర్చు ఎవరు భరిస్తారు? మొదటి రెండూ ట్రెయినర్‌ను అడగండి, మూడోది హెడ్ కోచ్‌ను అడిగి, జవాబు ఒప్పందంలో రాయించుకోండి.